ఇంట ఓడి రచ్చ గెలవాలి

యుద్ధ విమాన పైలట్లు శాంతి కాలంలో చేసే పోరాట సాధన, అసలు యుద్ధానికి ఎంత దగ్గరగా ఉంటోంది? ఆ సాధనలో వాళ్లకు ఎదురు నిలిచేవాడు ఎంత గట్టివాడు?

నెవాడా ఎడారిలో టోనోపా అని ఒక చోటు ఉంది. 1980ల తొలి రోజుల్లో అమెరికా వైమానిక దళం కొందరు పైలట్లను ఎంపిక చేసి అక్కడి ఆకాశంలోకి పంపేది. బయట ఎక్కడా నోరు విప్పకూడదన్నది ముందస్తు షరతు. పైకి వెళ్లాక వాళ్ల పక్కకు వచ్చి నిలిచేది ఒక మిగ్-21. అప్పటిదాకా ఫొటోల్లో, గోడ మీది చార్టుల్లో చూసిన శత్రు విమానం ఇప్పుడు రెక్క పక్కన రెక్కగా కళ్ల ముందు ఉంది. దాన్ని నడుపుతున్నది అమెరికా పైలటే. మొదటిసారి పోరాటం ఏమీ ఉండదు. ఊరికే చూడమంటారు. ఎంత చిన్నగా ఉందో చూడు. ఎదురుగా వస్తుంటే ఎంత దగ్గరికి వచ్చాక కంటికి ఆనుతుందో చూడు. ఎక్కడ చురుగ్గా తిరుగుతోంది, ఎక్కడ వేగం చచ్చిపోతోంది, అదంతా గమనించు.

మొదటిసారి వేటకు వెళ్లినవాడు జింక ఎదురుపడగానే చేతులు వణికి తుపాకీ పేల్చడం మరిచిపోతాడట. యుద్ధంలో మిగ్‌ను తొలిసారి చూసిన పైలట్లకూ అదే జరుగుతోందని అమెరికన్లు గుర్తించారు. ఆ రెండు మూడు క్షణాల నివ్వెరపాటే ప్రాణం తీస్తోంది. అందుకని ఆ నివ్వెరపాటేదో మన ఆకాశంలోనే, మన కళ్ల ముందే అయిపోనీ అనుకున్నారు. 1979 నుంచి 1988 దాకా 'కాన్‌స్టంట్ పెగ్' పేరుతో ఈ రహస్య కార్యక్రమం నడిచింది. మిగ్-17, మిగ్-21, మిగ్-23 విమానాలతో 15,000కు పైగా సార్లు ఎగిరారు. దాదాపు 6,000 మందికి శత్రువును చూపించారు. సరైన మాన్యువళ్లు లేవు, విడిభాగాలు దొరికేవి కావు. ఆ విమానాలు నడుపుతూ ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఇదంతా 2006లో గానీ లోకానికి తెలియలేదు.

ఒక దేశం తన శత్రువును తానే ఇంట్లో పెంచుకోవడానికి ఇంత ఖర్చు, ఇంత ప్రమాదం ఎందుకు భరించింది? జవాబు వియత్నాంలో ఉంది.

క్షిపణి ఉంది కదా అన్న ధీమా

1960ల నాటికి అమెరికా సేనల్లో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. విమానాలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి తిరిగే డాగ్‌ఫైట్ కాలం చెల్లిందని, ఇకపై దూరం నుంచి క్షిపణి వదిలితే పని అయిపోతుందని అనుకున్నారు. నౌకాదళం వాడిన ఎఫ్-4 ఫాంటమ్‌లో తుపాకీ కూడా పెట్టలేదు. పోరాట సాధన చాలావరకు ఫాంటమ్‌కు ఎదురు ఫాంటమ్‌తోనే సాగేది. వేరే రకం విమానాలతో తలపడితే ప్రమాదాలు జరుగుతాయని వైమానిక దళంలో పెద్దలు దానికి అడ్డుచెప్పేవారు.

హనోయి ఆకాశంలో ఎదురైంది మాత్రం ఫాంటమ్ కాదు. చిన్నదైన, చిటికెలో మలుపు తిరిగే మిగ్-17. ఫాంటమ్ ఇంజన్లు నల్లటి పొగ వదిలేవి కాబట్టి మిగ్ పైలట్‌కు అది మైళ్ల దూరం నుంచే కనబడేది. అమెరికన్లు నమ్ముకున్న క్షిపణులు పదింట ఒక్కటి తగిలితే గొప్ప. కొరియా యుద్ధంలో తమవి ఒకటి పోతే శత్రువువి పది కూల్చామని చెప్పుకున్న దేశం, 1965-68 మధ్య వియత్నాంలో ఒకటికి రెండు, రెండున్నర దగ్గర ఆగిపోయింది.

తప్పు ఎక్కడుందో కనిపెట్టమని నౌకాదళం కెప్టెన్ ఫ్రాంక్ ఆల్ట్‌కు అప్పగించింది. ఆయన క్షిపణుల తయారీ నుంచి పైలట్ల శిక్షణ దాకా అన్నిటినీ తవ్వి పెద్ద నివేదిక ఇచ్చాడు. అందులోంచి పుట్టిందే 1969 మార్చి 3న కాలిఫోర్నియాలోని మిరమార్‌లో మొదలైన ఫైటర్ వెపన్స్ స్కూల్. సినిమా పుణ్యమా అని మనందరికీ తెలిసిన 'టాప్‌గన్' అదే. వెండితెర హంగులేవీ దానికి లేవు. డాన్ పెడర్సన్ అనే అధికారి, మరో ఎనిమిది మంది కుర్రాళ్లు ఒక పాత ట్రెయిలర్ సంపాదించి అందులో బడి పెట్టారు. చిన్నదైన ఎ-4 స్కైహాక్‌ను మిగ్-17గా, టీ-38ను మిగ్-21గా ఎగరేశారు. నాలుగైదు వారాలు నేర్పి, నేర్చుకున్నవాడు తన స్క్వాడ్రన్‌కు తిరిగి వెళ్లి మిగతావాళ్లకు నేర్పాలన్నారు.

1972లో వియత్నాం మీద వైమానిక పోరు మళ్లీ భగ్గుమన్నప్పుడు నౌకాదళం లెక్క ఒకటికి పన్నెండు దాటింది. అదే ఫాంటమ్‌తో, అదే ఆకాశంలో పోరాడుతూ అలాంటి బడి పెట్టుకోని వైమానిక దళం ఒకటికి రెండు దగ్గరే ఉండిపోయింది. ఇంతకంటే స్పష్టమైన పోలిక యుద్ధ చరిత్రలో అరుదు. అయినా ఘనతంతా టాప్‌గన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. నౌకాదళం క్షిపణులు మెరుగుపడ్డాయి. సముద్రంలో 'రెడ్ క్రౌన్' నౌక మీది రాడార్ సిబ్బంది మిగ్‌లు ఎటు నుంచి వస్తున్నాయో ముందే చెప్పేవారు. కూలిన విమానాల సంఖ్య కూడా చిన్నది. చిన్న సంఖ్యల్లో నిష్పత్తులు పెద్దగా కనిపిస్తాయి. ఇవన్నీ తీసేసినా, తనకంటే భిన్నంగా ఎగిరేవాడితో ముందే తలపడి ఓడిపోయి వచ్చిన పైలట్ నిబ్బరం వేరుగా ఉందన్నది మిగులుతుంది.

వైమానిక దళం ఆలస్యంగానైనా కళ్లు తెరిచింది. 1972లో నెవాడాలోని నెల్లిస్ స్థావరంలో శత్రు పాత్ర కోసమే ఒక అగ్రెసర్ స్క్వాడ్రన్‌ను పెట్టుకుంది. మొదటి పది యుద్ధయాత్రలు బతికి బయటపడిన పైలట్ ఆ తర్వాత కూడా బతికే అవకాశం బాగా పెరుగుతుందని అధ్యయనాల్లో తేలింది. అయితే ఆ మొదటి పదీ ఇంటి దగ్గరే చేయిద్దాం అన్నాడు మూడీ సూటర్ అనే అధికారి. 1975 నవంబరులో మొదలైన 'రెడ్ ఫ్లాగ్' విన్యాసాలకు మూలం ఆ ఆలోచనే.

డింకీ పందెం

మన గోదావరి జిల్లాల్లో పందెం పుంజులను సాకేవాళ్లకు డింకీ అంటే తెలుసు. కాలికి కత్తి కట్టకుండా సాగే పోరు అది. కాలికి కత్తి ఉందో లేదో పుంజుకు తెలియదు. అందుకే డింకీలో కూడా అది ప్రాణం పెట్టి కలబడుతుంది. మనిషి సంగతి అలా కాదు. రెక్క కింద ఉన్నది ఉత్తుత్తి క్షిపణి అని పైలట్‌కు తెలుసు. ఓడితే సాయంత్రం మెస్‌లో టీ తాగుతాడు. శిక్షణలో వాస్తవికత గురించిన చర్చంతా ఈ ఒక్క ముడి చుట్టూనే తిరుగుతుంది. కత్తి లేదని తెలిసినవాడిని కత్తి ఉన్నట్టే ఎలా పోరాడించాలి?

ప్రమాదం పెంచుతూ పోవచ్చు. దానికో హద్దు ఉంది. ఫలానా ఎత్తు కంటే కిందికి దిగొద్దు, ఎదుటి విమానానికి 500 అడుగుల కంటే దగ్గరికి పోవద్దు, ఎవరికి ఏ అనుమానం వచ్చినా 'నాక్ ఇట్ ఆఫ్' అనగానే అందరూ ఆపేయాలి. ఈ కట్టుబాట్లు చాలావరకు ఒక్కో పైలట్ రక్తంతో రాసుకున్నవి. వాటిని తీసేస్తే యుద్ధం రాకముందే యుద్ధంలో పోయినంత మంది పోతారు. మనకు అది దూరపు సంగతి కాదు. 2023 జనవరి 28న గ్వాలియర్ నుంచి శిక్షణకు లేచిన సుఖోయ్-30, మిరాజ్-2000 రెండూ కూలిపోయాయి. మిరాజ్ పైలట్ ప్రాణాలు కోల్పోయాడు. అదే ఏడాది డిసెంబరు 4న దుండిగల్ వైమానిక అకాడమీ నుంచి లేచిన పిలాటస్ శిక్షణ విమానం మెదక్ జిల్లా రావెల్లి దగ్గర పడిపోయి శిక్షకుడు, శిష్యుడు ఇద్దరూ మరణించారు.

ఇంకో దారి ఉంది. అది పౌరుషం దారి. ఓడిపోవడం బాధించాలి. అందరి ముందూ, ఆధారాలతో సహా బాధించాలి. ఆ పని జరిగేది ఆకాశంలో కాదు, నేల మీద నాలుగు గోడల మధ్య. గంటసేపు గాలిలో ఉంటే ఆ గంటను తిరగదోడటానికి అంతకు రెండు మూడింతల సేపు కూర్చుంటారు. దాన్ని డీబ్రీఫ్ అంటారు. పాత రోజుల్లో ఎవరు ముందు నల్లబల్ల దగ్గరికి చేరి సుద్దముక్క అందుకుంటే వాళ్లే గెలిచినట్టని పైలట్లు చెప్పుకునేవారు. రెండు చేతులనూ రెండు విమానాలుగా తిప్పుతూ వాదించుకునేవారు. 1970ల నుంచి రెక్క కింద తగిలించే ఏసీఎంఐ పాడ్‌లు వచ్చాయి. ఎవరు ఏ క్షణంలో ఎంత ఎత్తులో, ఎంత వేగంతో, ఎటు తిరిగి ఉన్నారో అవి నమోదు చేస్తాయి. 'నేనే ముందు పేల్చాను' అన్న మాట తెర మీద నిలవాలి.

ఆ గదిలో హోదా చెల్లకూడదన్నది నియమం. వింగ్ కమాండర్ చేసిన పొరపాటును ఫ్లయింగ్ ఆఫీసర్ వేలు పెట్టి చూపాలి. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న మనలాంటి సమాజంలో ఇది పలికినంత తేలిక కాదు. విమానాలు కొనడానికి డబ్బు చాలు. ఈ అలవాటుకు మాత్రం తరాలు పడుతుంది.

ఎదురు నిలిచేవాడి గురించి కూడా ఒక అపోహ ఉంది. గట్టి ప్రత్యర్థి అంటే అందరినీ ఓడించేవాడని అనుకుంటాం. నెల్లిస్ అగ్రెసర్ల పని అది కాదు. సోవియట్ పైలట్ ఎలా నేర్చుకుంటాడో, నేల మీది రాడార్ అధికారి మాట మీద ఎంత ఆధారపడతాడో చదివి, అచ్చం వాడిలాగే ఎగరాలి. శత్రువు చేయగల తప్పును కూడా చేయాలి. వాడు ఓడిపోయే చోట ఓడిపోవాలి. తన నైపుణ్యాన్ని తానే అదుపులో పెట్టుకోగలిగినవాడే ఈ పనికి పనికొస్తాడు. సొంత గొప్ప కోసం గెలిచే అగ్రెసర్ దగ్గర శిష్యుడు నేర్చుకునేది ఏమీ ఉండదు.

గ్వాలియర్‌లో మన బడి

మనకూ ఇలాంటి బడి ఉంది. టాప్‌గన్ పుట్టిన రెండేళ్లకే, 1971 ఫిబ్రవరిలో, పంజాబ్‌లోని ఆదంపూర్‌లో అది మొదలైంది. ఆ ఏడాది డిసెంబరులోనే పాకిస్తాన్‌తో యుద్ధం వస్తే ఈ బడి పైలట్లు ఒంటరిగా రాత్రిపూట శత్రు భూభాగంలోకి చొరబడి దాడులు చేశారు. తర్వాత జామ్‌నగర్‌కు, అక్కడి నుంచి గ్వాలియర్‌కు మారింది. ఇప్పుడు దాని పేరు టాక్టిక్స్ అండ్ ఎయిర్ కంబాట్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్. వాయుసేనలో అందరూ టాక్డే అంటారు. అక్కడి నుంచి ఫైటర్ కంబాట్ లీడర్‌గా బయటికి రావడం ఒక పైలట్ జీవితంలో పెద్ద మలుపు.

2004 ఫిబ్రవరిలో ఆ గ్వాలియర్‌కే అమెరికా ఎఫ్-15లు వచ్చాయి. 'కోప్ ఇండియా' విన్యాసాల్లో పదింట తొమ్మిది సార్లు మనవాళ్లదే పైచేయి అయిందని అమెరికా వైపు నుంచే వార్తలొచ్చాయి. పాతబడిన మిగ్-21కి కొత్త రాడార్, హెల్మెట్ చూపుతో గురిపెట్టే క్షిపణి అమర్చిన బైసన్ వాళ్లను బాగా ఆశ్చర్యపరిచింది. సోవియట్ పాఠం బట్టీపట్టి వస్తారనుకున్న భారత పైలట్లు ఎప్పటికప్పుడు ఎత్తుగడ మార్చుతూ వచ్చారు. దేశమంతా పొంగిపోయింది.

పొంగిపోవడానికి ముందు నిబంధనలు చదవాల్సింది. అమెరికన్లు సంఖ్యలో తక్కువగా ఉండి పోరాడారు. తమ దూరపు క్షిపణి శక్తిని పూర్తిగా వాడుకోలేదు. కొత్త ఎఫ్-22ల కోసం తమ ప్రభుత్వాన్ని నిధులడుగుతున్న సమయంలో ఈ ఓటమి వాళ్లకు కొంత కలిసొచ్చింది కూడా. 2008లో మన సుఖోయ్-30లు నెల్లిస్ రెడ్ ఫ్లాగ్‌కు వెళ్లినప్పుడు కథ తిరగబడింది. ఒక అమెరికా అధికారి మన పైలట్లను తక్కువ చేసి మాట్లాడిన వీడియో బయటికి పాకింది. అక్కడా నిబంధనలున్నాయి. మన రాడార్ల సంకేతాలు ఎవరూ నమోదు చేసుకోకుండా వాటిని శిక్షణ స్థాయికి తగ్గించి వాడాం. మిగతా దేశాల విమానాలతో మన విమానాలకు సమాచారం పంచుకునే డేటా లింక్ లేదు. 2015లో బ్రిటన్‌లో జరిగిన ఇంద్రధనుష్‌లో టైఫూన్ల మీద 12-0తో గెలిచామన్న వార్త మన మీడియాలో మారుమోగింది. బ్రిటిష్ వాయుసేన దాన్ని ఒప్పుకోలేదు.

ఈ మూడు సందర్భాల్లోనూ చప్పుడంతా స్కోరు గురించే. క్రికెట్ కళ్లతో చూడటం మనకు అలవాటు. విదేశీ విన్యాసాలకు వెళ్లే ప్రతి దేశం తన మేలైన ముక్కలను జేబులోనే ఉంచుకుని ఆడుతుంది. ఉంచుకోవాలి కూడా. అందువల్ల అక్కడ గెలుపోటముల సంఖ్యకు విలువ లేదు. పరాయివాడి ఆలోచనా పద్ధతిని దగ్గర నుంచి చూడటమే అక్కడ దొరికే లాభం. ముక్కలన్నీ బల్ల మీద పరిచి, శత్రువుకు కూడా గెలిచే స్వేచ్ఛ ఇచ్చి ఆడాల్సింది ఇంట్లోనే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ ఒక్క విద్యలో మాత్రం ఇంట ఓడటమే తొలి మెట్టు.

చైనా ఈ సంగతి గ్రహించిన తీరు చూస్తే భయం వేస్తుంది. 2015లో థాయ్‌లాండ్‌తో కలిసి చేసిన విన్యాసాల్లో చైనా జె-11లు దగ్గరి పోరులో దుమ్ము రేపాయి. దూరపు క్షిపణుల పోరులో థాయ్ గ్రిపెన్ల ముందు తేలిపోయాయి. ఆ లోపాలను తర్వాత చైనా టెస్ట్ పైలటే ఒక విశ్వవిద్యాలయంలో విడమరిచి చెప్పాడు. తన పైలట్లకు పాశ్చాత్య ఎత్తుగడలు నేర్పేందుకు 30 మంది దాకా మాజీ బ్రిటిష్ పైలట్లను చైనా డబ్బిచ్చి పెట్టుకుందని 2022లో బ్రిటన్ బహిరంగంగా హెచ్చరించింది. పొరుగున ఉన్న పాకిస్తాన్‌కూ సర్గోధాలో కంబాట్ కమాండర్స్ స్కూల్ ఉంది. చైనా, పాకిస్తాన్ వాయుసేనలు 2011 నుంచి 'షాహీన్' విన్యాసాల్లో కలిసి సాధన చేస్తున్నాయి.

కనిపించని శత్రువు

2019 ఫిబ్రవరి 27 ఉదయం కశ్మీర్ ఆకాశంలో పాకిస్తాన్‌తో పోరు సాగుతుండగా బుద్గామ్ దగ్గర మన ఎంఐ-17 హెలికాప్టర్ ఒకటి కూలింది. అందులో ఉన్న ఆరుగురు వాయుసేన సిబ్బంది, కింద ఒక పౌరుడు చనిపోయారు. కూల్చింది మన క్షిపణే. అది పెద్ద తప్పిదమని వాయుసేనాధిపతి ఆ ఏడాది అక్టోబరులో ఒప్పుకున్నారు. పైలట్లు ఎంత బాగా సాధన చేసినా, నేల మీద రాడార్ తెర ముందు కూర్చున్నవాడికి ఆ గందరగోళం ముందే రుచి చూపకపోతే ఏం జరుగుతుందో ఆ ఏడు ప్రాణాలు చెబుతున్నాయి. వాస్తవిక శిక్షణ అనగానే కాక్‌పిట్‌ను ఊహించుకుంటాం. రేడియో మూగబోయినప్పుడు, తెర మీద పదుల సంఖ్యలో చుక్కలు కదులుతున్నప్పుడు, మనవాడెవడో పరాయివాడెవడో తేల్చాల్సిన గదికి కూడా గట్టి ప్రత్యర్థి కావాలి.

2025 మే 7 రాత్రి ఇంకో పాఠం. ఆపరేషన్ సిందూర్‌లో భారత్, పాకిస్తాన్ విమానాలు ఎవరి గగనతలంలో వారుండి, కంటికి కనబడని దూరం నుంచి తలపడ్డాయి. మన విమానాలు కొన్ని కోల్పోయామని, ఎత్తుగడల్లో పొరపాటు ఎక్కడ జరిగిందో గుర్తించి సరిదిద్దుకుని మళ్లీ దాడికి వెళ్లామని త్రివిధ దళాధిపతి (సీడీఎస్) జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో చెప్పారు. ఎన్ని పోయాయన్నది ముఖ్యం కాదని, ఎందుకు పోయాయన్నదే ముఖ్యమని ఆయన అన్నప్పుడు చాలామంది మండిపడ్డారు. నాకు అది డీబ్రీఫ్ గదిలో మనిషి మాట్లాడినట్టే వినిపించింది.

ఈ దూరపు పోరులోనే శిక్షణ ఎక్కువగా అబద్ధమాడుతుంది. దగ్గరి పోరులో తోక పట్టుకున్నవాడు ఎవరో తేల్చడం సులువు. వంద కిలోమీటర్ల అవతల నుంచి వదిలిన ఉత్తుత్తి క్షిపణి తగిలిందా లేదా అన్నది కంప్యూటర్ లెక్కకట్టి చెబుతుంది. ఆ కంప్యూటర్‌కు శత్రు క్షిపణి ఎంత దూరం వస్తుందో చెప్పింది మనమే. ఆ అంకె తప్పైతే సాధనంతా తప్పు. 1965లో అమెరికన్లు తమ క్షిపణిని ఎక్కువగా నమ్మి దెబ్బతిన్నారు. శత్రువు క్షిపణిని తక్కువ అంచనా వేసినా ఫలితం అదే. మన హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్‌లో రూపుదిద్దుకుని, బీడీఎల్‌లో తయారవుతున్న అస్త్ర క్షిపణి వంద కిలోమీటర్లకు పైగా వెళ్తుంది. దాన్ని ఎదుటివాడు ఎలా తప్పించుకుంటాడో కూడా అంతే పట్టుదలగా పరీక్షించాలి.

నా అభిప్రాయం ఇది. టాక్డే గొప్ప బడి. కానీ నేర్పడం, కొత్త ఎత్తుగడలు కనిపెట్టడం, శత్రువు వేషం వేయడం అన్నీ ఒకే ఇంటి మీద పడేయకూడదు. ఏడాది పొడవునా చైనావాడిలా, పాకిస్తాన్‌వాడిలా ఆలోచించడమే ఉద్యోగంగా ఉండే ఒక స్క్వాడ్రన్ మనకు విడిగా కావాలి. విమానాలెక్కడివి అన్న ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. మంజూరైన స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబరు 26న మిగ్-21లు వీడ్కోలు తీసుకున్నాక మిగిలినవి 29. సరిహద్దు కాయడానికే చాలని విమానాలను వేషాలకు ఎవరిస్తారు?

అయితే శత్రువు వేషానికి మేటి విమానమే అక్కర్లేదు. బ్రిటన్ 2022 దాకా హాక్ శిక్షణ విమానాలతో ఒక స్క్వాడ్రన్‌ను ఈ పనికి వాడుకుంది. హాక్‌లు మన బీదర్‌లోనూ ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని బెంగళూరు హెచ్‌ఏఎల్ తయారుచేసింది. 1977లో నెల్లిస్‌లో జరిపిన పరీక్షల్లో చవకైన ఎఫ్-5లు సంఖ్య పెరిగేకొద్దీ ఖరీదైన ఎఫ్-14, ఎఫ్-15ల ఆధిక్యాన్ని కరిగించేశాయి. రాడార్‌కు చిక్కని చైనా జె-20 పాత్ర హాక్ పోషించలేదు, నిజమే. ఆ పాత్ర కోసం అమెరికా 2022లో ఎఫ్-35లతోనే ఒక అగ్రెసర్ స్క్వాడ్రన్ పెట్టింది. మన దగ్గర ఆ తరం విమానమే లేదు. అందుకే ఎఫ్-35లు ఎగిరే ఆస్ట్రేలియా పిచ్ బ్లాక్ లాంటి విన్యాసాలకు వెళ్తుండాలి. 2024లో సూలూరు, జోధ్‌పూర్‌లలో పరాయి దేశాలను మనమే పిలిచి చేసిన తరంగ్ శక్తి లాంటివి కొనసాగించాలి. రేడియో మూగబోయేలా చేసే జామింగ్‌ను, చుక్కలతో తెర నింపే మోసాన్ని మాత్రం చిన్న విమానాలకు పాడ్‌లు కట్టి రోజూ రుచి చూపించవచ్చు. బుద్గామ్ తర్వాత దానికి ఇంకా ఎదురుచూడటం నాకు అర్థం కాని విషయం.

2016 జూన్ 18న దుండిగల్ కవాతు మైదానంలో ముగ్గురు అమ్మాయిలు మన తొలి మహిళా ఫైటర్ పైలట్లయ్యేందుకు భుజాల మీద పట్టీలు అందుకున్నారు. వాళ్లలో ఒకరైన అవని చతుర్వేది 2023 జనవరిలో సుఖోయ్-30తో జపాన్‌లోని హ్యకురీకి వెళ్లి అక్కడి ఎఫ్-2లు, ఎఫ్-15లతో తలపడే 'వీర్ గార్డియన్' విన్యాసాల్లో పాల్గొంది. ఆరున్నరేళ్ల ప్రయాణం. అది మొదలైన దారి మన ఊళ్ల మీదుగానే పోతుంది. సికింద్రాబాద్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్తూ హకీంపేట దగ్గర కాసేపు బండి ఆపితే, ఉదయం పూట జంటగా లేచే శిక్షణ విమానాలు కనిపిస్తాయి. ముందున్నది ఎటు వాలితే వెనకది అటు వాలుతుంది. ముందున్నదాంట్లో శిక్షకుడు ఉంటే, వెనకాల ఉన్న కుర్రవాడికి ఈ ఉదయం చాలాసార్లు ఆ ముందు విమానం చేజారుతుంది.